ప్రభుత్వ మానసిక వైద్యం: ఏ కాగితం ఎక్కడ అడగాలి, ఏది దాచుకోవాలి

ఓపీ చీటీ పారేయకండి. మొదటిసారి సైకియాట్రీ డాక్టరు రాసిచ్చిన ఆ నలిగిన ముక్కే పదేళ్ళ తర్వాత వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో అక్కరకొస్తుంది. ఎలాగో కింద లెక్కతో సహా ఉంది. మన దేశంలో మానసిక వైద్య సంస్కరణ చాలావరకు ఇలాగే నడుస్తోంది. చట్టం మారింది, హక్కులు వచ్చాయి, కానీ ప్రతి హక్కూ ఏదో ఒక కాగితానికి ముడిపడి ఉంది. ఆ కాగితం చేతిలో ఉంటే పని కదులుతుంది. నోటిమాటగా అడిగితే కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది.

1912 నాటి లూనసీ చట్టానికి మనోవ్యాధి ఉన్నవాళ్ళని లోపల పెట్టడమే ముఖ్యం. 1987 చట్టం కాస్త నయం. అయినా అది కూడా లైసెన్సులు, చేర్పులు, రోగి ఆస్తి ఎవరు చూసుకోవాలన్న గొడవ చుట్టూనే తిరిగింది. 2007లో భారత్ ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందానికి కట్టుబడ్డాక చట్టం తిరగరాయక తప్పలేదు. అలా వచ్చిందే మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017. 2018 నుంచి అమల్లో ఉంది. కింద సెక్షన్ నంబరు అని రాసినచోటల్లా ఈ చట్టమే అనుకోండి. నంబర్లు ఎందుకంటే, అర్జీలో సెక్షన్ నంబరు వేస్తే దాన్ని పక్కన పడేయడం కష్టం.

ముందు ఏ తలుపు తట్టాలి

రాత్రి పూటైనా, ఆదివారమైనా 14416. టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న మొదలైంది, 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. ఆ నంబరు కలవకపోతే 1800-89-14416 చేయండి. ఫోన్ ఎత్తగానే భాష అడుగుతుంది, తెలుగు ఉంది. రోగే మాట్లాడాలని లేదు, ఇంట్లోవాళ్ళు మాట్లాడొచ్చు. "మా తమ్ముడు వారం నుంచి నిద్రపోవట్లేదు, ఎవరో వెంబడిస్తున్నారంటాడు, ఆస్పత్రికి రానంటున్నాడు" అన్నట్టు సూటిగా చెప్పండి. కౌన్సెలర్ తన వల్ల కాదనుకుంటే సైకియాట్రిస్టుకి కలుపుతారు. పెట్టేసేముందు మీకు దగ్గరలో సైకియాట్రీ ఓపీ ఎక్కడ ఉంది, ఏ రోజుల్లో ఉంటుంది అని అడిగి రాసుకోండి. ఫోన్‌లో వైద్యం మొత్తం అయిపోతుందనుకోకండి, అది దారి చూపే తలుపు మాత్రమే.

రెండో తలుపు జిల్లా ఆస్పత్రి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగే జిల్లాల్లో మొదలైంది, అందులో ఒకటి మన మెదక్. ఇప్పుడు అది దేశంలోని దాదాపు అన్ని జిల్లాలకూ పాకింది. కాగితం మీద సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు అందరూ ఉంటారు. నిజంగా ఎవరెవరు ఉన్నారన్నది జిల్లాను బట్టి ఉంటుంది కాబట్టి ముందే ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కోండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలకి అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలుంటాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రులు పెద్దవి. కానీ మామూలు డిప్రెషన్‌కీ, నిద్రలేమికీ అంతదూరం పోనక్కర్లేదు. జిల్లాలోని ప్రభుత్వ ఆస్పత్రుల్లో వైద్యం దొరక్క, అదే జిల్లాలో వేరేచోట చూపించుకోవాల్సి వస్తే ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలని సెక్షన్ 18 అంటుంది. అలా డబ్బు వెనక్కి రావాలంటే "ఇక్కడ ఈ సేవ లేదు" అని జిల్లా ఆస్పత్రి నుంచి రాతపూర్వకంగా తీసుకుని ఉండాలి. అది లేకుండా బిల్లులు మాత్రమే పట్టుకెళ్తే ఎవరూ చూడరు.

మొదటి ఓపీకి ఒక పేజీ రాసుకెళ్ళండి

కొన్నేళ్ళ కిందటి అంచనా ప్రకారం దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు, ముప్పావు వంతే. కనీసం ముగ్గురుండాలి. దీని అర్థం క్యూలో నిలబడ్డవాళ్ళకి బాగా తెలుసు: మీకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాల్లో "సార్, ఎప్పట్నుంచో బాగోలేదు" అంటే ఏమీ తేలదు. ఇంటి దగ్గరే తెల్లకాగితం మీద రాయండి:

ఏ నెల నుంచి మార్పు కనిపించింది. రాత్రి ఎన్ని గంటలు నిద్ర. తిండి తగ్గిందా, ఒళ్ళు తగ్గిందా. తనలో తాను మాట్లాడుకోవడం, అనుమానాలు, ఉన్నట్టుండి విపరీతంగా ఖర్చుపెట్టడం లాంటివి ఉన్నాయా. చచ్చిపోతాననే మాటలున్నాయా. మందు, గంజాయి అలవాటు. ఫిట్స్, తలకి దెబ్బ, థైరాయిడ్, షుగర్. వంశంలో ఎవరికైనా ఉందా. ఇంతకుముందు వాడిన మాత్రల పేర్లు, లేదంటే ఖాళీ స్ట్రిప్పులు. నాలుగు రోజుల్లోనే మనిషి తికమకపడిపోయి, జ్వరం కూడా ఉంటే ముందు జనరల్ మెడిసిన్ చూడాలి. మెదడుకి ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు, సైకియాట్రీ క్యూలో గంటలు పోగొట్టుకోకూడదు.

చచ్చిపోతాననే మాట ఉంటే మాత్రం క్యూలో ఆగకండి. నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళి ఆ మాటే ముందు చెప్పండి. ఈలోపు మనిషిని ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు తాళం వేసి పెట్టండి. పోలీసు కేసు భయంతో దాచాల్సిన పని లేదు. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని సెక్షన్ 115 చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా 2024 జులై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలో లేదు.

మాత్రలు: ఉచితం ఎక్కడ, తప్పు ఎక్కడ

కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పైకి, ప్రభుత్వం నడిపే ప్రతి ఆస్పత్రిలో నిత్యావసర మందుల జాబితాలోని మానసిక వైద్య మందులు ఎప్పుడూ ఉచితంగా ఉండాలి (సెక్షన్ 18). "స్టాక్ లేదు, బయట కొనుక్కో" అంటే గొడవపడొద్దు. చీటీ వెనకే "ఈ తేదీన లేదు" అని ఫార్మసిస్టుతో రాయించుకుని సంతకం అడగండి. చాలాసార్లు ఆ సంతకం అడగ్గానే లోపలి గదిలో వెతుకుతారు. రాయకపోతే అదే రోజు సూపరింటెండెంటుకి అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాని పేరు ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్ఎస్. ముద్ర ఉన్న కాపీ అక్కడ పనికొస్తుంది.

ఇళ్ళల్లో మళ్ళీ మళ్ళీ జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పదో రోజున "ఏమీ తేడా లేదు" అని ఆపేస్తారు. లేదా రెండు నెలలకి బాగుపడగానే ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. భ్రమలు, అనుమానాలు తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొందరికి మెడ ఒకవైపుకి గుంజేస్తుంది, కళ్ళు పైకి పోతాయి, నాలుక మెలిపడుతుంది. చూసినవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి పరిగెడతారు. అది మందు వల్ల వచ్చిన కండరాల బిగువు. క్యాజువాలిటీకి తీసుకెళ్ళి వాడుతున్న మాత్ర చూపిస్తే ఒక్క ఇంజెక్షన్‌తో సాధారణంగా అరగంటలో సర్దుకుంటుంది. ఆ తర్వాత డోసు సంగతి డాక్టరు చూస్తారు.

బైపోలార్ జబ్బుకి (మూడ్ విపరీతంగా పైకీ కిందకీ పోవడం) ఇచ్చే లిథియం సంగతి విడిగా చెప్పాలి, ముఖ్యంగా మన ఎండల్లో. మంచి మందే, కానీ రక్తంలో దాని మోతాదు కాస్త పెరిగినా విషమవుతుంది. వడదెబ్బ, వాంతులు, విరేచనాలు, ఉపవాసం, ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, ఇవన్నీ రక్తంలో లిథియాన్ని పెంచేస్తాయి. ఒళ్ళునొప్పులకి మెడికల్ షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా అంతే. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి. ఇక రక్తపరీక్షలో ఎక్కువమంది చేసే తప్పు: పొద్దున్నే మాత్ర వేసుకుని ల్యాబ్‌కి వెళ్తారు. రీడింగు ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి రక్తం, ఆ తర్వాతే ఉదయం మాత్ర.

వేరే మందులకి లొంగని స్కిజోఫ్రెనియాకి ఇచ్చే క్లోజాపిన్ వాడేవాళ్ళకి మొదటి 18 వారాలు వారం వారం తెల్లరక్తకణాల పరీక్ష ఉంటుంది. ఆ కాలంలో గొంతునొప్పి, జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని ఊరుకోకండి. అదే రోజు పరీక్ష చేయించాలి.

తెల్లకాగితం మీద ఒక పేరు

ఈ చట్టంలో అన్నిటికన్నా తేలిగ్గా వాడుకోగలిగింది, అన్నిటికన్నా తక్కువమంది వాడుకునేది సెక్షన్ 14. మనిషి స్థిమితంగా ఉన్నప్పుడు, తను మళ్ళీ జబ్బు పడితే తన తరఫున ఎవరు మాట్లాడాలో తనే రాసి పెట్టుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు, లాయరు అసలే అక్కర్లేదు. తెల్లకాగితం, సంతకం లేదా వేలిముద్ర, అంతే. ఇలా రాస్తే చాలు:

"మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017, సెక్షన్ 14 ప్రకారం, నేను (పేరు, తండ్రి లేదా తల్లి పేరు, వయసు, చిరునామా) నా నామినేటెడ్ ప్రతినిధిగా (పేరు, వరస, చిరునామా, ఫోన్) గారిని నియమించుకుంటున్నాను. ఇంతకుముందు ఎవరినైనా నియమించి ఉంటే అది రద్దు. తేదీ, సంతకం."

దాని కిందే ఆ రెండో మనిషి "ఈ బాధ్యత నేను ఒప్పుకుంటున్నాను" అని రాసి సంతకం చేయాలి. ప్రతినిధి మేజర్ అయి ఉండాలి, డాక్టరుకి తన ఒప్పుకోలు రాతపూర్వకంగా ఇవ్వాలి. అందుకే ఆ రెండో సంతకం ముందే పెట్టించేస్తే చేర్పు రోజు వెతుకులాట ఉండదు. మూడు కాపీలు తీయండి. ఒకటి రోగి దగ్గర, ఒకటి ప్రతినిధి దగ్గర, ఒకటి ఆస్పత్రి కేసు షీటులో. మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ప్రతినిధి రక్తసంబంధీకుడే కానక్కర్లేదు. అన్నదమ్ములతో ఆస్తి తగాదా ఉన్నవాళ్ళు, అత్తింట్లో ఇబ్బంది పడుతున్నవాళ్ళు స్నేహితురాలినో పిన్నినో పెట్టుకోవచ్చు. ఎవరినీ పెట్టుకోకపోతే వరస ఇది: ముందస్తు సూచనలో (దీని సంగతి కాస్త కింద ఉంది) రాసిన మనిషి, ఆ తర్వాత బంధువు, ఆ తర్వాత చూసుకునే మనిషి, ఎవరూ లేకపోతే బోర్డు, అంటే ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు, నియమించిన వ్యక్తి. అంటే మీరు రాయకపోతే బంధువే. ఆ బంధువుతోనే గొడవ ఉన్నవాళ్ళకి ఈ ఒక్క కాగితం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ప్రతినిధి చేయగలిగినవి: జబ్బు, వైద్యం వివరాలు అడగడం, చేర్పుకీ డిశ్చార్జికీ అర్జీ పెట్టడం, హక్కులకి భంగం కలిగితే బోర్డుకి వెళ్ళడం. చేయలేనివి: బ్యాంకు ఖాతా నడపడం, పొలం అమ్మడం. 1987 చట్టంలో ఆస్తి నిర్వహణ అధ్యాయం ఉండేది, కొత్త చట్టంలో అది లేదు. ఈ కాగితం పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే తిప్పి పంపుతారు, తిప్పి పంపాలి కూడా.

ముందస్తు సూచన (సెక్షన్ 5) దీనికి అన్నలాంటిది. తనకి ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో మనిషి ముందే రాసుకోవడం. "నాకు ఫలానా మందు పడదు, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి, తేదీ ఇది", "నన్ను ఫలానాచోట చేర్చొద్దు" అన్నట్టు స్పష్టంగా ఉండాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. "నాకు ఏ వైద్యమూ వద్దు" అని ఒక్కముక్కలో రాస్తే డాక్టరో బంధువో బోర్డుకి వెళ్ళి మార్పించే అవకాశం ఎక్కువ, కారణాలతో రాసింది నిలబడుతుంది. అత్యవసర వైద్యానికి ఇది వర్తించదు.

ఆస్పత్రిలో చేర్చేటప్పుడు

చేర్పు ఏ సెక్షన్ కింద జరిగిందో అడగండి. ఈ ఒక్క ప్రశ్న మీద మిగతావన్నీ ఆధారపడతాయి, రోగికీ ప్రతినిధికీ ఇది చెప్పడం ఆస్పత్రి బాధ్యత (సెక్షన్ 22).

సెక్షన్ 86 అయితే మనిషి తనంతట తాను చేరినట్టు. వెళ్ళిపోతానంటే పంపేయాలి. పరీక్ష చేయడానికి మహా అయితే 24 గంటలు ఆపొచ్చు. చాలా చేర్పులు ఇలాగే ఉండాలని చట్టం ఉద్దేశం.

సెక్షన్ 89 అయితే రోగి ఒప్పుకోకపోయినా ప్రతినిధి అర్జీ మీద చేర్చడం, గరిష్ఠం 30 రోజులు. దీనికి ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి: ఒకరు సైకియాట్రిస్టు, రెండోవారు మరో మానసిక వైద్య నిపుణుడో మామూలు డాక్టరో కావచ్చు. పరీక్ష చేరిన రోజునో, ముందు ఏడు రోజుల లోపో జరిగి ఉండాలి. తనకి తాను హాని చేసుకోబోవడం, ఇతరుల మీదకి వెళ్ళడం, తన బాగోగులు చూసుకోలేక ప్రమాదంలో పడడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉండాలి. "మాట వినట్లేదు", "కులంకాని పిల్లను చేసుకుంటానంటున్నాడు" అనేవి కారణాలు కావు. సమాజం మెచ్చని ప్రవర్తనని జబ్బు అనకూడదని సెక్షన్ 3 విడిగా చెప్పింది. చేర్చిన సంగతి ఆస్పత్రి ఏడు రోజుల్లో బోర్డుకి తెలపాలి. ఆడవాళ్ళు, మైనర్లు అయితే మూడు రోజుల్లోనే. రోగి తన నిర్ణయం తను తీసుకోగలడా అన్నది వారానికోసారి చూడాలి.

30 రోజులు దాటితే సెక్షన్ 90. అప్పుడు ఇద్దరు సైకియాట్రిస్టులు చూడాలి, బోర్డు అనుమతి కావాలి. ఆస్పత్రులు జారిపోయేది ఇక్కడే. ముప్పైయ్యో రోజు గడిచిపోతుంది, ఫైలు కదలదు. మీరు క్యాలెండర్‌లో 25వ రోజుకి గుర్తుపెట్టుకుని "30 దాటాక ఏం చేస్తున్నారు?" అని అడగండి.

అత్యవసరంలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు వైద్యం చేయొచ్చు (సెక్షన్ 94). కాబట్టి "మా దగ్గర సైకియాట్రిస్టు లేరు" అని క్యాజువాలిటీలో ముట్టుకోకుండా పంపేయడం సరికాదు. 108 కూడా అంతే. మిగతా జబ్బులకి ఎలా వస్తుందో దీనికీ అలాగే రావాలని సెక్షన్ 21లో ఉంది.

ఏం చేసినా చేయకూడనివి: గొలుసులతో కట్టడం, మత్తు ఇవ్వకుండా కరెంటు వైద్యం, గుండు గీయించడం, సొంత బట్టలు లాక్కోవడం. గొలుసు నిషేధం ఊరికే రాలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గరి ఒక షెడ్డుకి నిప్పంటుకుని గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. గుడికో దర్గాకో ప్రార్థనకో తీసుకెళ్ళడం మీ నమ్మకం, దాన్ని ఎవరూ కాదనరు. మాత్ర మాత్రం ఆపకండి, కట్టేయనివ్వకండి.

తాగుడు మానిపించే కేంద్రాల గురించి ఒక మాట. మద్యం, మత్తు అలవాటు వల్ల వచ్చే స్థితి కూడా ఈ చట్టం ప్రకారం మానసిక అనారోగ్యమే. కాబట్టి మనిషిని లోపల ఉంచి వైద్యం చేసే డీ-అడిక్షన్ సెంటర్ కూడా రిజిస్టర్ అయి ఉండాలి, పై సెక్షన్లన్నీ పాటించాలి. రాత్రికి రాత్రి నలుగురిని పంపి మనిషిని ఎత్తుకెళ్తామనేవాళ్ళని నమ్మకండి. డబ్బు కట్టేముందు మూడు చూడండి: గోడ మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, రివ్యూ బోర్డు చిరునామా-ఫోన్ నంబర్లు, పేరు చెప్పగలిగే సైకియాట్రిస్టు. బోర్డు వివరాలు కనిపించేలా పెట్టడం, అక్కడికి ఉచితంగా ఫోన్ చేసుకోనివ్వడం సెక్షన్ 72 ప్రకారం తప్పనిసరి.

రోడ్డు మీద కనిపిస్తే

మతి తప్పి తిరుగుతున్న మనిషి కనిపిస్తే 112కి చెప్పండి లేదా స్టేషన్‌కి వెళ్ళండి. ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ బాధ్యత చూసే అధికారి) ఆ మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు (సెక్షన్ 100). ఇల్లూవాకిలీ లేనివాళ్ళకి వైద్యం ఉచితం, రేషన్ కార్డు అడగకూడదు. "మా పని కాదు" అంటే ఆ సెక్షన్ నంబరు రాసిన కాగితం ఇచ్చి రసీదు అడగండి. ఇంట్లో బంధించి హింసిస్తున్నారని తెలిస్తే సెక్షన్ 101 కింద పోలీసులు మేజిస్ట్రేట్‌కి నివేదించాలి.

బోర్డుకి అర్జీ

మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షత వహిస్తారు. కలెక్టరు ప్రతినిధి, సైకియాట్రిస్టు, మరో డాక్టరు, జబ్బుతో బతికినవాళ్ళు లేదా చూసుకునేవాళ్ళు, స్వచ్ఛంద సంస్థలవాళ్ళు సభ్యులుగా ఉంటారు. చట్టం అమల్లోకొచ్చాక ఈ బోర్డుల ఏర్పాటే చాలా రాష్ట్రాల్లో ఏళ్ళకి ఏళ్ళు సాగింది. సంస్కరణ అన్నిటికన్నా నెమ్మదిగా నడిచింది ఇక్కడే అని మా అభిప్రాయం. అయినా అర్జీ పెట్టడం మానొద్దు, ఎందుకంటే గడువులు చట్టంలోనే రాసి ఉన్నాయి. ప్రతినిధి నియామకం, సెక్షన్ 89 చేర్పు మీద అభ్యంతరం అయితే 7 రోజుల్లో తేల్చాలి. సెక్షన్ 90 చేర్పు అయితే 21 రోజులు. మిగతావి 90 రోజులు. ఫీజు లేదు.

అర్జీలో ఉండాల్సినవి: అర్జీదారు పేరు, రోగితో వరస, ఫోన్, ఆస్పత్రి పేరు, చేరిన తేదీ, ఏ సెక్షన్, ఏ హక్కుకి ఎక్కడ ఎప్పుడు భంగం కలిగింది, మీకు ఏం కావాలి. చివరిది మర్చిపోతారు. "న్యాయం చేయగలరు" అని ముగిస్తే బోర్డుకి ఏం ఆదేశించాలో తెలియదు. "డిశ్చార్జి చేయాలి" లేదా "ప్రతినిధిగా ఫలానావారిని గుర్తించాలి" అని రాయండి. పేజీన్నర దాటొద్దు, పెళ్ళినాటి నుంచీ జరిగిన కథంతా వద్దు. ముందుగా ఆస్పత్రి ఇంచార్జికి ఫిర్యాదు ఇచ్చి కాపీ జతచేస్తే బలం. రాసే వీలు లేకపోతే అసాధారణ పరిస్థితుల్లో నోటిమాటగా, ఫోన్‌లో కూడా తీసుకోవచ్చు. బోర్డు ఆఫీసు దొరకకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి లేదా 15100కి ఫోన్ చేయండి. ఉచిత న్యాయ సహాయం సెక్షన్ 27 హక్కు. బోర్డు తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో హైకోర్టు.

సదరంలో ఆ పాత చీటీ ఎందుకు

2016 వికలాంగుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. ప్రయోజనాలకి 40 శాతం కావాలి. దీన్ని ఐడియాస్ అనే స్కేలుతో కొలుస్తారు. తన పనులు తను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట అర్థం చేసుకుని చెప్పగలగడం, ఉద్యోగం లేదా ఇంటిపని, ఈ నాలుగింటికీ 0 నుంచి 4 వరకు మార్కులు. వీటికి జబ్బు ఎన్నాళ్ళుగా ఉందన్న మార్కు కలుపుతారు: రెండేళ్ళ లోపైతే 1, రెండు నుంచి ఐదేళ్ళకి 2, ఆరు నుంచి పదేళ్ళకి 3, పదేళ్ళు దాటితే 4. మొత్తం 7 వస్తే 40 శాతం గీత దాటినట్టు.

లెక్క వేసి చూడండి. నాలుగు అంశాల్లోనూ ఒక్కొక్క మార్కే వచ్చిన మనిషికి మొత్తం 4. నిన్నటి చీటీ ఒక్కటే ఉంటే కాలం కింద 1, మొత్తం 5, సర్టిఫికెట్ ఉండి కూడా ప్రయోజనం లేదు. పన్నెండేళ్ళ కిందటి ఓపీ చీటీ చూపించగలిగితే కాలం కింద 4, మొత్తం 8. పింఛనుకి దారి తెరుచుకుంటుంది. అదే మనిషి, అదే జబ్బు.

క్యాంపుకి వెళ్ళేటప్పుడు ఇంకో చిక్కు. మనవాళ్ళు రోగికి తలస్నానం చేయించి, కొత్త బట్టలేసి, "డాక్టరుగారు అడిగితే బాగా చెప్పు" అని తీసుకెళ్తారు. డాక్టరు చూసేది ఆ పది నిమిషాలే. అబద్ధం చెప్పక్కర్లేదు, మామూలు రోజు ఎలా ఉంటుందో చెప్పండి: స్నానం చేయమని ఎన్నిసార్లు చెప్పాలి, బజారుకి పంపితే చిల్లర లెక్క చూసుకుని వస్తాడా, చుట్టాలొస్తే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడా. రోజూ పక్కన ఉండే మనిషే వెంట రావాలి, ఊళ్ళో పెద్దమనిషి కాదు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి: శారీరక జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ కవరేజీ ఇవ్వాలని సెక్షన్ 21 అంటుంది, బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2018లోనే సర్క్యులర్ ఇచ్చి, 2022 అక్టోబర్ 31 గడువు పెట్టి మళ్ళీ గుర్తుచేసింది. తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. ఓపీ ఖర్చులు మాత్రం చాలా పాలసీల్లో రావు.

ఇంటర్, నీట్ కోచింగ్ హాస్టళ్ళలో పిల్లలున్న తల్లిదండ్రులకి ఇంకోటి. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒక్కరైనా ఉండాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం మానాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ నంబరు హాస్టల్లో, క్లాసుల్లో కనిపించాలి. చేర్చే ముందు కౌన్సెలర్ గది ఎక్కడుందో చూపించమనండి, పేరూ అర్హతా అడగండి. ప్రిన్సిపాలే కౌన్సెలర్ అంటే అర్థం చేసుకోవచ్చు.

డిశ్చార్జి రోజు

డిశ్చార్జి ప్రణాళికలో రోగినీ ప్రతినిధినీ కలుపుకోవాలని సెక్షన్ 98 చెప్తుంది. ఇంటికి బయల్దేరేముందు ఇవి చేతిలో ఉండాలి: డిశ్చార్జి సమ్మరీ, జబ్బు పేరు, మాత్రల పేర్లు మోతాదు మిల్లీగ్రాముల్లో, తర్వాతి ఓపీ తేదీ. ఇంజెక్షన్ మీద ఉంటే చివరిది ఏ తేదీన వేశారో, మళ్ళీ ఎన్ని వారాలకో. ఇంటికి దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి ఒక రెఫరల్ చీటీ కూడా అడగండి. లేకపోతే నెలనెలా మాత్రల కోసం మళ్ళీ అంతదూరం రావాలి, మూడో నెలకి బస్సు ఛార్జీలకి వెరచి మానేస్తారు. ఇవన్నీ మొదటి ఓపీ చీటీతో కలిపి ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, తేదీల వరసలో పెట్టండి. ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి ప్రతినిధికి పంపేయండి. వానాకాలంలో మన ఇళ్ళ అలమరాల్లో కాగితం గతి ఏమవుతుందో తెలిసిందేగా.